డ్యాష్‌బోర్డులో పుట్ట

ఆ రోజుల్లో నాకు పూర్తిగా వంటబట్టిన విద్య భయపడటం ఒక్కటే. బడికి పంపకుండా నాన్నే ఇంట్లో చదువు చెప్పడం వల్ల, బల్లి మొదలు ఉరుము దాకా అన్ని భయాలూ పంచుకునే తోడు లేక నేనొక్కదాన్నే పడ్డాను. అలాంటి నన్ను బందరులో పాత కార్లు బాగుచేసే మా మేనమామ తన షెడ్డులో పెట్టుకున్నాడంటే కారణం నా తెలివి కాదు, నా సన్నటి చేతులు. మీటర్లు బిగిద్దామని డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెడితే ఆయనకు మణికట్టు దగ్గరే ఇరుక్కునేది. (ఒకసారి అలా ఇరుక్కుని మధ్యాహ్నం భోజనం కార్లోనే కానిచ్చాడు. అత్తయ్య ముద్దలు కలిపి పెట్టింది.)

ఒకనాడు గుడివాడ డాక్టరమ్మగారు తన భర్తగారి పాత స్పోర్ట్స్ కారు పంపించారు. రెండే సీట్లు. ఆయన పోయాక దివిసీమలో వాళ్ళ ధాన్యం కొట్టులో ఏళ్ళ తరబడి పడి ఉందట. శుభ్రం చేసిన మీటర్లు మళ్ళీ బిగించి, గడియారం ఊడిపోయిన గుండ్రటి కంతకు నల్ల రబ్బరు బిరడా పెట్టి, వెనకనుంచి క్లిప్పు వెయ్యాలి. స్పీడు మీటరుకు కేబులు బిగిస్తూ ఉంటే వేళ్ళకు ఏదో పల్చగా, పొలుసులుగా తగిలింది. లాగితే పాము కుబుసం! కెవ్వుమని చెయ్యి బయటికి తీసేశాను. "కుబుసమేగా, అది ఎప్పుడో వెళ్ళిపోయుంటుందిలే," అన్నాడు మావయ్య, షెడ్డు గుమ్మం అవతల నించుని. "అయితే బిరడా నువ్వే పెట్టు మావయ్యా." "నా చెయ్యి పట్టదు కదే!" తన చెయ్యి లావైనందుకు అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కారు కోసం వచ్చిన డాక్టరమ్మగారు సంగతి విని లెంపలేసుకున్నారు. "లోపల ఉందో లేదో తెలీకుండా పుట్ట కన్ను మూసేస్తారా! మోపిదేవి వెళ్ళి స్వామికి పాలు పోసి, సెలవడిగి అప్పుడు మూద్దాం. మీటర్లు చూడ్డానికి అమ్మాయి నాతో వస్తుంది." మావయ్యా, నేనూ భక్తిగా తలలూపాం. లోపల ఉంటే అది కూడా మాతోనే వస్తుందన్న మాట ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. తీరా కూర్చున్నాక చూస్తే ఆ కంత సరిగ్గా నా ఎదురుగా ఉంది. ఒళ్ళో పాలచెంబు, నోట్లో సుబ్రహ్మణ్య నామం, రెండూ వణుకుతున్నాయి.

చల్లపల్లి దాటాక స్పీడు మీటరు ముల్లు సున్నాకి పడిపోయింది. "ఏమ్మా, మనం వెళ్తున్నామా, ఆగామా?" అన్నారావిడ. అప్పుడే నా పాదం మీద నల్లగా, చల్లగా, పొడుగ్గా ఏదో జారిపడి మెలికలు తిరగసాగింది. "డాక్టరమ్మగారూ... స్వామి దిగారండీ." "ఎక్కడికి?" "నా పాదం మీదికండీ."

ఆవిడ బ్రేకు తొక్కిన తొక్కుడికి చెంబులో పాలన్నీ నేరుగా ఆ కంతలోకే వెళ్ళాయి. నా వైపు తలుపు తెరుచుకోలేదు. "కదలకు, కరిస్తే నేనున్నాను," అన్నారు. "కరవకముందు కూడా ఉండండీ," అని ఏడ్చాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, వంగి చూసి, "పాముకి ఇత్తడి నట్టు ఉంటుందా అమ్మా?" అన్నారు. నేను భయంలో సగమే బిగించిన కేబులది.

బిగించాలంటే మళ్ళీ అదే చీకట్లో చెయ్యి పెట్టాలి. నా వల్ల కాలేదు. అప్పుడావిడ స్టీరింగు మీద చేతులుంచి, "ఆయన బతికుండగా రమ్మని ఎంత బతిమాలినా ఈ కారెక్కలేదమ్మా. నాకు స్పీడంటే భయం," అన్నారు, రోడ్డుకేసి చూస్తూ. నేను కళ్ళు మూసుకుని చెయ్యి లోపల పెట్టాను.

ఆ సాయంత్రమే, మోపిదేవిలో స్వామి సెలవు తీసుకుని, బిరడా కూడా నేనే వేశాను. లోపల నిజంగా ఎవరైనా ఉన్నారో లేదో ఇప్పటికీ తెలీదు. ఉండి కరవకపోయుంటే మాత్రం వారికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. ఇప్పుడు షెడ్డు నాది. ఏ కారైనా ముందు డ్యాష్‌బోర్డు మీద తట్టి, "స్వామీ, కాస్త పక్కకి జరుగు," అని గానీ చెయ్యి పెట్టను. ఈ మధ్య నా చెయ్యీ మణికట్టు దగ్గర ఇరుక్కుంటోంది. ఇరుక్కున్నప్పుడల్లా ఆ పిరికిపిల్ల సన్నటి చెయ్యి గుర్తొచ్చి నవ్వుకుంటాను. అది దూరినంత చీకట్లోకి, ఇంత ధైర్యమొచ్చాక కూడా, నేను వెళ్ళలేకపోతున్నాను.