ఎనిడ్ ప్రీస్ మ్యారో కాయ

చర్చి గోడను ఆనుకుని ఉన్న పాత రాతి ఇల్లు ఎనిడ్ ప్రీస్‌ది. వేసవి రాగానే దాన్ని సెలవులకొచ్చేవాళ్లకు అద్దెకిచ్చి, తను పెరటి గదిలోకి మారుతుంది. తాళం చేతికిస్తూ ఆవిడ చెప్పేవి రెండే మాటలు.

"గుమ్మం దగ్గర తల వంచండి. తోటలో ఏం కావాలన్నా కోసుకు తినండి, మొహమాటపడకండి."

మొదటిది బొప్పి కట్టాకే వింటారు. రెండోది వెంటనే వింటారు.

ఈ ఏడు ఆ తోటలో ఒక మ్యారో కాయ పెరిగింది. మన సొరకాయకు చుట్టమే, కాకపోతే ఇది పంది పిల్లంత అయింది. కింద గడ్డి పరుపు, పైన పాత దుప్పటి, సాయంత్రం పంచదార నీళ్లు. కన్నబిడ్డకైనా అంత సేవ చేసి ఉండదు. ఊరి కూరగాయల పోటీలో అతి పెద్ద మ్యారోకిచ్చే కప్పును పక్కింటి హొరేస్ బెడోస్ ఏటా కొట్టేస్తాడు. కొట్టి ఊరుకుంటాడా, కంచె మీదుగా పలకరిస్తాడు.

"ఏం ఎనిడ్, ఈసారీ దోసపిందెలేనా?"

ఒక్కసారి, ఒక్కసారైనా అతని నోట "నీదే పెద్దది" అనిపించుకోవాలని ఆవిడ పంతం.

పోటీకి ముందురోజు, అద్దెకు దిగిన లండన్ పిల్ల టామ్సిన్ మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఎనిడ్, హొరేస్, ఎదురింటి నేను. బల్ల మీద పొగలు కక్కుతూ ఖీమా కూరిన మ్యారో!

"మీరు కోసుకోమన్నారుగా ఎనిడ్ గారూ! మీకే ముందు వడ్డిస్తాను," అంది టామ్సిన్, మొహం వెలిగిపోతుంటే.

అది పోటీ కాయేనని చూడగానే తెలిసిపోయింది నాకు. ఎనిడ్ పెరటి వైపు చూసింది, పళ్లెం వైపు చూసింది.

"ఇంకాస్త వెయ్యమ్మా, బాగుంది," అంది.

మాటంటే మాటే ఆవిడకు. హొరేస్‌కు అంతా అర్థమైంది. అయినా నోరెత్తకుండా మూడుసార్లు వడ్డించుకున్నాడు, దొంగ.

మర్నాడు పోటీ టెంట్‌లో కప్పు మామూలుగానే హొరేస్‌కు వచ్చింది. టామ్సిన్ చప్పట్లు కొట్టి, అందరికీ వినబడేలా అంది.

"బాగుంది కానీ, నిన్న మనం తిన్నది ఈ కాయకంటే పెద్దది కదండీ? పొయ్యిలో పట్టక మూడు ముక్కలు చేశాను!"

తలలన్నీ ఎనిడ్ వైపు తిరిగాయి. అప్పుడు వెలిగింది ఆ పిల్లకు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హొరేస్ కప్పు వంక చూశాడు, టోపీ తీశాడు.

"పెద్దదే," అన్నాడు గొణుగుతూ. "ఎనిడ్‌దే పెద్దది. తిన్నవాణ్ణి, నాకు తెలీదా?"

ఎనిడ్ చెవి పక్కన చెయ్యి పెట్టుకుంది. ఆవిడవి పాము చెవులని ఊరందరికీ తెలుసు.

"ఏమన్నావు హొరేస్? సరిగ్గా వినబళ్లేదు. కాస్త గట్టిగా చెప్పు."

అతను చెప్పాడు. ఈసారి బయట బీరు కోసం నిలబడ్డవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు.