ఆయమ్మ సాయంత్రం చెప్పిన మాట

ఆయమ్మ పోయిందని ఆమె కూతురు మొన్న పొద్దున ఫోన్ చేసి చెప్పింది. గుండెపోటు. నా భార్యను ఆఖరి మూడేళ్లూ పగటిపూట చూసుకున్న మనిషి. నా భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు.

నేను విజయనగరంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. డిమెన్షియా ముదిరాక నా భార్యను ఇంట్లో ఒంటరిగా వదిలే వీల్లేకపోయింది. ఆయమ్మ ఎనిమిదికి వచ్చేది. నేను ఐదింటికి ఇల్లు చేరేదాకా ఉండేది. అంతకుముందు చాలా ఇళ్లలో ఇలాంటి వాళ్లనే చూసింది.

స్నానమంటే నా భార్య కేకలు పెట్టేది. నేను చెంబుతో నెత్తిన పోసేవాణ్ణి. "నెత్తి మీద పోస్తే జడుసుకుంటాది మేస్టారూ. ముందు కాళ్ల మీద పొయ్యాల," అంది ఆయమ్మ. వారం తిరిగేసరికి కేకలు ఆగాయి.

రోజూ నా భార్య ఎదుట కూర్చుని "నేనెవరు?" అని అడిగేవాణ్ణి. "పరీచ్చలు కాలేజీలో పెట్టుకోండి. ఇంటికాడ ఒద్దు," అని ఆయమ్మ కసిరింది.

మధ్యాహ్నాలు ఉలవలూ బియ్యమూ కలిపి చేటలో పోసి ఇచ్చేది. నా భార్య గంటసేపు ఏరి వేరు చేసేది. మర్నాడు ఆయమ్మ మళ్లీ కలిపేసేది. "మోసం కదా?" అన్నాను నవ్వుతూ.

"ఏరినట్టు గుర్తుండదు. ఏరిన సంతోసం ఉంటాది. అది సాల్దేటి?"

సాయంత్రం నేను గుమ్మంలోకి రాగానే, చెప్పులేసుకుంటూ ఒక మాట చెప్పి వెళ్లేది. "అమ్మ ఇయ్యాల మిమ్మల్ని అడిగినారు. 'ఆయన తిన్నారేటి' అన్నారు."

ఆ మాట కోసం స్టాఫ్‌రూంలో ఎవరితోనూ కూర్చోకుండా స్కూటరెక్కేవాణ్ణి. లోపలికి వెళ్తే నా భార్య, "ఎవులు బాబూ? మీటరు సూడ్డానికా? వీధి గోడకుంది," అనేది. పర్వాలేదనుకునేవాణ్ణి. నేను ఎదురుగా లేనప్పుడైనా ఆమెకు గుర్తున్నాను.

ఆమె తమ్ముడు కోటబొమ్మాళిలో వరి సేద్యం చేస్తాడు. ఒకసారి అక్కడికి తీసుకువెళితే, నెరిసిన మీసంతో ఉన్న అతన్ని చూసి, "ఒరే, బడికెల్నేదేటి?" అంది. చూడగానే పోల్చుకుంది.

"అక్కని ఇక్కడుంచీ బావా. నేనూ నా పెళ్లామూ సూసుకుంటాం," అని అతను బతిమాలాడు.

"రోజూ నన్ను అడుగుతుంది. ఎలా వదిలేది?" అన్నాను. వెనక్కి తీసుకొచ్చేశాను.

మొన్న ఆయమ్మ ఇంటి ముందు కుర్చీలు వేశారు. నా పక్కన సాలూరు నుంచి వచ్చిన లారీల యజమాని కూర్చున్నాడు. వాళ్ల నాన్నను ఆమె చూసుకుందట. "మా అయ్యకి నా మొకమే తెల్దు. అయినా రోజూ ఆయమ్మనడిగీవోడంట, 'ఆడు తిన్నాడేటి' అని," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

అటుపక్కనున్న స్కూలు టీచరమ్మ ఇటు తిరిగింది. "మాయమ్మా అంతేనండి! 'అది తిన్నాదేటి' అనీదంట."

ఇద్దరూ ఏడుపులోనే నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. మూడు పరీక్షనాళికల్లో ఒకే రంగు కనిపిస్తే నేను ముందు రసాయనం పోసిన సీసా మీద అనుమానపడతాను.

ఆయమ్మ కూతురు కూడా ఇప్పుడు ఇదే పని చేస్తోంది. పక్కకు పిలిచి ఆ మాట సంగతి అడిగాను. తలవంచుకుంది.

"నన్ను పన్లో ఎట్టినప్పుడు మాయమ్మ మొదట సెప్పిందదే మేస్టారూ. ఇంటోలు ఒచ్చీతలికి ఓ మంచి మాట సిద్దంగా ఉంచుకో. ఇంటోలు నిలబడితేనే జబ్బుమనిసి నిలబడతాది, అన్నాది."

"మా ఇంట్లోనూ అంతేనా?"

"నాకెలా తెలుస్తాది? మీ ఇంట్లో నిజంగానే అడిగినారేమో."

అడిగిందో లేదో చెప్పగలిగిన ఇద్దరూ ఇప్పుడు లేరు.

నా భార్యతో పాటు నన్నూ ఆయమ్మ తన రోగుల్లో చేర్చుకుంది. నాకు చెప్పలేదు. కాళ్ల మీద ముందు నీళ్లు పోసిన ఆ చేతులకు దణ్ణం పెడతాను. ఆ మాటను మాత్రం క్షమించలేకపోతున్నాను. దాన్ని నమ్మి, నా భార్యను తాను పోల్చుకున్న తమ్ముడి దగ్గర నుంచి తెచ్చి, పోల్చుకోని నా దగ్గర ఉంచుకున్నాను. ఇంకెవరి ఇంట్లోనైనా అది మంచి మాటే అయివుండవచ్చు.

నిన్న నా బావమరిది ఫోన్ చేశాడు. ఆయమ్మ సంగతి తెలిసిందట. ఆమె పిల్లల గురించి అడిగాడు. తర్వాత, "బావా, అక్క ఎప్పుడైనా నా గురించి అడిగిందేటి? ఆయమ్మ నీకేటైనా సెప్పిందా?" అన్నాడు.

చెప్పలేదు. ఒక్కసారి కూడా. నేనూ ఆయమ్మను అడగలేదు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. ఆయమ్మ చెప్పే ఆ నాలుగు ముక్కల మాటే. వాళ్ల స్టేషన్ మీదుగా రైలు పోతున్న చప్పుడు ఫోనులో చాలాసేపు వినిపించింది. గూడ్సు కాబోలు, ఎంతకీ తెగలేదు. అది దాటాక అతని గొంతు వచ్చింది.

"ఉన్నావేటి బావా?"