అక్క చేతిలో గింజలు

గిల్లేసూగూరు పొలాల దగ్గర కల్లు పోసే అక్క ఒకామె ఉండేది. భర్త ఈత చెట్టెక్కి కుండ దింపేవాడు, ఆమె ఆకు దొప్పలో పోసేది. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లకు మాత్రం పోసేది కాదు. ముందు ఒక సీతాఫలం చేతిలో పెట్టేది.

"ఏందే చెల్లె, పరగడుపున తాగి మడిల పడతవా? పండు తిను. గింజలు గిట్ల నా చేతిల ఉమ్ము," అనేది నాతో.

ఎంగిలి గింజలంటే ఆమెకు రోత లేదు. కొంగున కట్టుకొని పోయి గట్ల మీద పాతేది.

"నీ ఎంగిలి గదా, గయ్యాళి చెట్టే మొలుస్తది," అని నవ్వేది.

భర్త పోయాక చెట్టెక్కేవాడు లేడు. కర్నూలులో కూతురి దగ్గరికి పోతున్నానని చెప్పడానికి ఒక పొద్దున మా పొలానికి వచ్చింది. అలవాటు ప్రకారం పండు ఇచ్చింది.

"నువ్వు ఉండమంటె ఉంట, చెల్లె," అంది.

నా కడుపులో ఉన్న మాట కూడా అదే. కానీ గింజలు ఆమె చేతిలో ఉమ్మి, "ఉండి ఏం తింటవక్కా? పో," అన్నాను.

ఆమె ఆ గింజలు మా గట్టున పాతి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఈ యేడు ఆ చెట్టు కాసింది. పండు తియ్యగా ఉంది. తిన్నాక గింజలు నోట్లోనే పెట్టుకొని కూర్చున్నాను.

"ఉమ్మెయ్యరాదా అత్తా?" అంది కోడలు.

ఎక్కడ ఉమ్మాలో నాకు తోచలేదు.