గాలి వదిలిన రాయి

ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క లేదు. ఆ రాత్రి రాసుకున్న నోట్‌బుక్ ఎదురుగా పెట్టుకునే చెబుతున్నాను. నమ్మకపోతే పేజీలు తిప్పి చూసుకోండి.

ఉన్నవాళ్ళం ముగ్గురం. నేను. లోకేష్ అన్న, ఆయన పరిశోధనలో నేను సహాయకుణ్ణి. మునిరత్నం మామ, క్వారీ వాచ్‌మన్, వెంగల్ ఆయన ఊరు. వస్తువులు ఇవి. లేజర్ స్కానర్ ఒకటి, దాని స్టాండు. పద్నాలుగు అడుగుల అల్యూమినియం నిచ్చెన ఒకటి. తలకు కట్టుకునే లైట్లు మూడు. సుద్దముక్కల డబ్బా. టీ ఫ్లాస్కు. రాతిలోంచి గాలి ఎంత సులువుగా పోతుందో కొలిచే చేతి పరికరం ఒకటి. దానికి ముందు రబ్బరు మూతి, వెనక సైకిల్ పంపులాంటి పిడి.

క్వారీ తిరువళ్ళూరు నుంచి ఊత్తుకోట పోయే దారిలో ఉంది. పేరు చెప్పను.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. నూనె ఎక్కడో సముద్రం కింద, కిలోమీటర్ల లోతులో, ఇసుకరాతి పొరల్లో ఉంటుంది. ఆ పొరల్ని ఎవరూ కళ్ళతో చూడలేరు. బావి వేస్తే జానెడు వెడల్పు బెజ్జం, అంతే. మాది తిరుత్తణిలో నేతపని చేసే ఇల్లు కాబట్టి నేను ఇలా అనుకుంటాను... చీరలో సూది గుచ్చిన చోటు ఒక్కటి చూపించి చీర మొత్తం డిజైన్ చెప్పమన్నట్టు. చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకని అలాంటి ఇసుకరాయే నేల మీద బయటపడి ఉన్న చోటు వెతుకుతారు. పొర ఎంత మందం, ఎక్కడ పలచబడింది, గాలి ఎంత పోనిస్తుంది, అన్నీ కొలుస్తారు. ఆ లెక్కలతో కంప్యూటర్లో లోతు పొరల నమూనా కడతారు.

ఆ క్వారీలో అలాంటి గోడ ఒకటి బయటపడింది. పాతకాలపు నది ఒకటి పక్కకు జరుగుతూ వదిలిన ఇసుక, గులకరాళ్ళు, అడుగు నుంచి పైదాకా తెరిచిన పుస్తకంలా ఉంది. లోకేష్ అన్న దాని కోసం రెండేళ్ళు తిరిగాడు. తీరా దొరికాక మేనేజర్ ఫోన్ చేసి, పొద్దున ఏడింటికి ఆ గోడ పేల్చేస్తున్నాం అన్నాడు. పగలంతా క్రషరు, లారీలు. మాకు మిగిలింది ఆ ఒక్క రాత్రి.

తొమ్మిదింటికి లేజర్‌తో గోడ ఆకారం స్కానింగ్ మొదలుపెట్టాం. పదిన్నరకు అది అయిపోయింది. తర్వాత గాలి కొలతలు. గోడ మీద సుద్దతో గళ్ళు గీశాం. కింద నుంచి పైకి పన్నెండు వరసలు, వరసకు పది బిందువులు, అడుగుకొకటి. మొత్తం నూట ఇరవై. నిచ్చెన మీద నేను. కింద నోట్‌బుక్‌తో లోకేష్ అన్న. నేను అంకె చెబితే ఆయన తిరిగి అదే అంకె చెప్పి రాయాలి. మునిరత్నం మామ నిచ్చెన పట్టుకున్నాడు.

"ఏం ప్పా, ఈ రాయిని ఇట్ల పొడిస్తే నూనె వస్తాదా?" అన్నాడు మామ.

"రాదు మామా. నూనె ఉండే రాయి వేరే. ఇది దానికి అన్నదమ్ముడు."

"అన్నని తన్నితే తమ్ముడు ఏడుస్తాడా?"

లోకేష్ అన్న నవ్వాడు. "ఈ మాట నా థీసిస్‌లో రాసుకుంటా మామా."

అలా సాగింది. బిందువుకు రెండు నిమిషాలు. రబ్బరు మూతి రాతికి ఆనించాలి. పిడి లాగాలి. రాతిలోంచి గాలి లోపలికి వస్తుంది. ఎంత నెమ్మదిగా వస్తే రాయి అంత గట్టిది. అంకె పడుతుంది. చెప్పాలి. మళ్ళీ జరగాలి.

ఒంటిగంట ఇరవై అయిదుకు ఎనభై ఏడో బిందువు. తొమ్మిదో వరస.

మూతి ఆనించాను. పిడి లాగబోయాను...

పిడి దానంతట అదే వెనక్కు వచ్చింది. నా అరచేతిని నెట్టుకుంటూ. మెల్లగా.

పట్టు జారిందనుకున్నాను. పిడి మళ్ళీ లోపలికి తోశాను. వదిలాను. మళ్ళీ వచ్చింది. పరికరం తీసేసి చెంప అక్కడ పెట్టాను. గాలి. గోరువెచ్చగా. చిన్నపిల్లల నోటి దగ్గర చెంప పెడితే తగిలేంత. బూజు వాసన లేదు, మట్టి వాసన లేదు. ఏ వాసనా లేదు.

ఆగింది.

సుద్ద గీత మీద పొడి కొంచెం నిలిచి ఉంది. లైటు దాని మీద వేసి చూస్తున్నాను. పొడి... రాతి వైపు జరిగింది. కొంచెమే. ఆగింది. తర్వాత నా వైపు జరిగింది. ఆగింది. మళ్ళీ రాతి వైపు.

వాచీ చూశాను. నాకు అదే వచ్చు. ఒక రాకా పోకా కలిపి పదకొండు సెకన్లు. ఆరుసార్లు చూశాను. ఆరుసార్లూ పదకొండే.

అప్పుడు నేనొక పని చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు. అరచేయి చాచి ఆ చోటు మీద పెట్టాను.

గాలి ఆగిపోయింది.

పది లెక్కపెట్టాను. ఇరవై. ముప్పై. ఏమీ లేదు. ఉత్త రాయి, చల్లగా. చీకట్లో గదిలో ఎవరో ఉన్నారని తెలిసి మనం ఊపిరి బిగబడతాం చూడండి... అలా అనిపించింది. ఎవరు బిగబట్టారో ఆ క్షణంలో చెప్పలేను. నేను కూడా బిగబట్టే ఉన్నాను.

చేయి తీశాను. ఒక్కసారిగా వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. తర్వాత పొడి గబగబా అటూ ఇటూ జరిగింది. ఆరు సెకన్లకొకసారి.

దిగి వచ్చి లోకేష్ అన్నకు చెప్పాను. ఆయన ఎక్కి చేయి పెట్టాడు. కాసేపు ఉన్నాడు.

"ఏమీ లేదు. నీకు నిద్ర చాల్లేదు రా. టీ తాగుపో."

"చెయ్యి తీసి చూడన్నా."

తీశాడు. ఆయన మొహానికి గాలి కొట్టిందని నాకు కింద నుంచే తెలిసింది, ఆయన కళ్ళు మూసుకున్నాడు. గబగబా దిగాడు. దిగాక మాత్రం టీచరు అయిపోయాడు. "పైన తూటాలకి బెజ్జాలు తవ్వినారు కదా. రాత్రి చల్లబడితే ఆ బెజ్జాల్లో గాలి కదుల్తాది. ఈ పొరలోంచి బయటికొస్తా ఉంది. అంతే."

"యాడైనా గాలి పదకొండు సెకన్లకి ఒకతూరి కొలిచినట్లు వస్తాదా అన్నా?"

"పైకి పోయి చూసి రాపో."

మామా నేనూ పక్కదారిన గోడ పైకెక్కాం. బెజ్జాలు పదహారు. దుమ్ము పడకుండా అన్నిటికీ గోనెసంచి ముక్కలు కుక్కి, పైన రాయి పెట్టి ఉంది. ఒక్కొక్కటే తీశాను. నోట్‌బుక్ కాగితం పీలికగా చించి ప్రతి బెజ్జం మీదా పట్టుకున్నాను. పదహారింటి మీదా కాగితం కదల్లేదు.

మామ బీడీ వెలిగించబోయి, బెజ్జాలు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఒక మాట అడుగుతా చెప్పు ప్పా. లోపల ఏదన్నా ప్రాణం ఉంటే?"

"గట్టి రాయి మామా. లోపల చోటే లేదు."

"లేదు, సరి. మా ఊర్లో బావి తవ్వేటప్పుడు తూటా పేల్చే ముందర మూడు తూర్లు పిలుస్తారు. బావిలో యెవురూ లేరని తెలుసు. తెలిసినా వంగి పిలుస్తారు. బదులు వస్తాదేమో అని నిలబడతారు. అప్పుడే పేల్చేది."

"ఎప్పుడన్నా బదులు వచ్చిందా?"

"రాలేదు. రాకూడదనే కదా పిలిచేది."

కిందికి వచ్చాం. ఇక్కడ నిజం చెప్పాలి. మేము ముందు పని పూర్తి చేశాం. ముప్పై మూడు బిందువులు మిగిలాయి, ఉన్నది ఒకటే పరికరం. మూడింటికల్లా నూట ఇరవయ్యోది అయిపోయింది. మిగతా రాయి అంతా మామూలుగానే ఉంది. ఆ తర్వాతే ఎనభై ఏడో బిందువు దగ్గర పరికరాన్ని నిచ్చెన మెట్టుకు తాడుతో కట్టి, మూతి చుట్టూ తడిమట్టి అద్ది, సెకనుకొక లెక్క దానంతట అదే రాసుకునేలా పెట్టాం. అలా పెడితే అప్పటికప్పుడు గీత కనపడదు. తర్వాత కంప్యూటర్లో చూసుకోవాల్సిందే.

తెల్లవారుతుండగా లారీలు వచ్చాయి. ఆరింటికి తూటాలు పెట్టే సెల్వం అన్న వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, మెడలో తువ్వాలు. నేను పరిగెత్తుకుంటూ పోయి చెప్పాను. మొత్తం విన్నాడు.

"రాయికి ఊపిరాడతా ఉందా? అట్లయితే డాక్టర్ని పిలువు తంబీ. నేను పగలగొట్టేవాణ్ణి."

పక్కన ఉన్న డ్రైవర్లు నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన నా మొహం చూశాడు.

"నిజంగానే చెప్తా ఉండావా?"

"నిజం అన్నా. ఒక్కతూరి ఎక్కి చూడు. ఏదన్నా తెలిస్తే ఆపు. తెలీకపోతే నీ ఇష్టం."

"సరి. నాకు తెలిస్తే ఆపేస్తా. మేనేజర్‌తో నేను మాట్లాడతా. సరియా?"

ఆ మాట అన్నాడు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి అని మామ తర్వాత చెప్పాడు.

సెల్వం అన్న నిచ్చెన ఎక్కాడు. కింద అందరూ నిలబడిపోయారు. క్రషరు కూడా ఆపించాడు. మామ గోడ ముందుకు వచ్చి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచాడు. "లోపల యెవురన్నా ఉండారా..." కొంచెం ఆగాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలిచాడు.

సెల్వం అన్న పరికరం పక్కనే రాతికి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చేత్తో చుట్టూ తడిమాడు. చాలాసేపు విన్నాడు. ఆయన ఆదరాబాదరాగా చేశాడని నేను చెప్పను.

ఆఖరికి దిగాడు. మామ మొదటి పిలుపు టైమూ, ఈయన కాలు నేల మీద పెట్టిన టైమూ అలవాటు కొద్దీ వాచీ చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

"ఏం లేదు తంబీ. ఉత్త రాయి." భుజం తట్టాడు. "పోయి పడుకో."

ఆరూ నలభైకి పరికరం తీయమన్నారు. తీశాను. చేతికి గ్లవ్స్ ఉన్నాయి. గాలి తగిలిందా అని లోకేష్ అన్న తర్వాత చాలాసార్లు అడిగాడు. నాకు తెలియదు. సైరన్ మోగుతోంది, తాడు ముడి బిగుసుకుపోయింది, నా ధ్యాసంతా ముడి మీదే ఉంది.

ఏడింటికి గోడ పడిపోయింది.

దుమ్ము తగ్గాక గంటసేపు ఆ రాళ్ళలో తిరిగాను. గుహ లేదు. పగులు లేదు. వేరు లేదు, ఎముక లేదు. ఇసుకరాయి, గులకరాళ్ళు, మధ్యలో ఇనుపరంగు చారలు. మేము అనుకున్నట్టే, గట్టిగా, నిండుగా.

సాయంత్రం తిరువళ్ళూరులో రైలెక్కి ఒళ్ళో లాప్‌టాప్ తెరిచాను. తిరుత్తణి వచ్చేలోపు పరికరం రాసుకున్నదంతా గీతగా వేసి చూశాను. మూడు దాటినప్పటి నుంచి అలలు. పదకొండు సెకన్లకొకటి, చక్కగా, మగ్గం మీద నేసినట్టు. లారీలు వచ్చినప్పటి నుంచి కొంచెం దగ్గరయ్యాయి. ఆరు దాటాక ఒక చోట గీత బల్లపరుపుగా అయిపోయింది. దాని తర్వాత ఒకే ఒక పెద్ద అల. ఆ పైన చిన్న చిన్న అలలు, నాలుగు సెకన్లకొకటి, నేను పరికరం తీసేవరకు.

సెల్వం అన్న ఎక్కినప్పుడు నిచ్చెన కదిలి మూతి పక్కకు జరిగి ఉంటుంది, గీత అందుకే ఆగింది అని లోకేష్ అన్న అంటాడు. అయ్యుండొచ్చు. మూతి జరిగితే తర్వాత అలలు ఎలా వచ్చాయి అంటే, దిగినప్పుడు మళ్ళీ సర్దుకుని ఉంటుంది అంటాడు. అదీ అయ్యుండొచ్చు. తడిమట్టి మాత్రం చెదరలేదు, తీసింది నేనే. నమూనాలో ఆ బిందువు ఖాళీగా వదిలేశాం.

బల్లపరుపు గీత మామ మొదటి పిలుపు దగ్గర మొదలవుతుంది. సెల్వం అన్న కాలు నేల మీద పెట్టినప్పుడు అయిపోతుంది. నూట పన్నెండు సెకన్లు.