అరబీ కాగితం మీద నా సంతకం

మస్కట్‌లో ఒకరి కుట్టు షాపులో పదకొండేళ్లు పనిచేశాక సొంతంగా షాపు పెట్టుకోవాలనిపించింది. అక్కడి తెలుగు ఆడవాళ్లు గుమ్మంలోకి వస్తూనే "రాజోలు ఆవిడ ఉందా?" అని నన్నే అడిగేవారు. నేను కుట్టిన జాకెట్టు భుజం జారదని వాళ్ల నమ్మకం. ఆ మాట కాస్త తలకెక్కిందేమో కూడా.

పరాయి దేశంలో వ్యాపారమంటే వకీలు కావాలి. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు మా పాస్టరమ్మగారు తమ దూరపు చుట్టం ఒకాయన గురించి చెప్పారు. అమలాపురం మనిషి. లా చదివి, మస్కట్‌లో ఒక వకీళ్ల ఆఫీసులో పనిచేస్తున్నాడు. అరబీ వచ్చు. ఆయనా సెలవులోనే ఉన్నాడని తెలిసి బస్సెక్కి వెళ్లాను.

నాకంటే చిన్నవాడు. వీధి గుమ్మం దాకా ఎదురొచ్చి, లోపల కూర్చోబెట్టి, బడిలో టీచరుగా చేసే వాళ్లావిడ చేత కాఫీ ఇప్పించాడు.

"అక్కగారూ, అక్కడ మన పేరు మీద షాపు పుట్టదండి. అక్కడి మనిషి పేరునే లైసెన్సు తీసుకోవాలి. అది గవర్నమెంటుకి చూపించే కాగితం. ఆయనకీ మీకూ మధ్య ఇంకో కాగితం ఉంటాదండి. షాపు మీదేనని అందులో రాస్తాం."

"ఆ రెండోది చెల్లుతుందాండీ?"

"ఆయ్. నేను రాస్తున్నాను కదండీ, మీకు దిగులెందుకు?"

తిరిగి వెళ్లాక ఆయన ఆఫీసులోనే సంతకాలు. తన పేరున లైసెన్సు తీసే అరబ్బు పెద్దాయన వచ్చి, నవ్వుతూ నా ముందుకి ఖర్జూరాల పళ్లెం జరిపాడు. కాగితాలన్నీ అరబీలో ఉన్నాయి. అన్నేళ్లున్నా నాకు ఆ అక్షరాలు చదవడం రాదు. మా వకీలు కుడి నుంచి ఎడమకి వేలు జరుపుతూ తెలుగులో చదివి చెప్పాడు. "ఇదిగోండి, ఇక్కడ యజమానురాలని మీ పేరు."

నేను డిగ్రీ చదివినదాన్ని. బయట ఇంకెవరి చేతనైనా చదివించుకొస్తానన్న మాట నోటిదాకా వచ్చింది. మనవాణ్ణి అనుమానించినట్టు ఉంటుందని మింగేశాను. సంతకం పెట్టాను.

షాపు బాగా నడిచింది. బోర్డు మీద తెలుగులో కూడా రాయించాను. రెండో ఏడు ఒక ఉదయం వెళ్లేసరికి తలుపులు తీసే ఉన్నాయి. లోపల పెద్దాయన కొడుకు, పక్కన ఎవరో కొత్త మేనేజరు. ఇక మీదట ఈయన చెప్పినట్టు పనిచెయ్యాలన్నాడు కొడుకు. షాపు నాదన్నాను. అతను కోప్పడలేదు. మతి తప్పిన మనిషిని చూసినట్టు జాలిగా చూశాడు.

కాగితాలు పట్టుకుని కోర్టు పక్కనున్న అనువాదాల ఆఫీసుకి వెళ్లాను. అక్కడి మలయాళీ ఆవిడ రెండో కాగితాన్ని చివరిదాకా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఇది ఉద్యోగ ఒప్పందమండీ. మీరు ఈ షాపులో కుట్టుపని చేసే మనిషి. యజమానురాలన్న మాట ఇందులో ఎక్కడా లేదు," అని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది.

వకీలుకి ఫోన్ చేశాను. "ఎక్కడో పొరపాటు జరిగిందండి, కనుక్కుంటానండి" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆ అరబ్బు కుటుంబం వ్యవహారాలన్నీ చాలా ఏళ్లుగా చూసేది అతని ఆఫీసేనని తర్వాత తెలిసింది. నా మనిషనుకున్నవాడు మొదటి నుంచీ వాళ్ల మనిషే.

షాపు వదిలేసి ఊరికి వచ్చేశాను. అమలాపురం కోర్టులో ఒక పెద్ద ప్లీడరుగారిని కలిశాను. "ఆయన తప్పుగా చదివి చెప్పేడని సాక్ష్యం ఎవరమ్మా?" అని అడిగారు. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం అతనూ నేనే. ఇక్కడ కేసు నిలబడదని చెప్పి ఫైలు వెనక్కిచ్చేశారు.

అక్కణ్ణుంచి తిన్నగా మస్కట్ వకీలు ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

"మరి సంతకం మీరే పెట్టేరు కదండీ?"

"పెట్టేనండి."

"చదువుకున్నవారు, ఏం రాసుందో తెలీకుండా ఎలా పెట్టేరండీ?"

ఆవిడ గొంతులో వెటకారం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. మెట్లు దిగాను.

ఇప్పుడు రాజోల్లో మా ఇంటి ముందు గదిలోనే కుడుతున్నాను. పోయినేడు మా చర్చిలో యువజన సభ పెట్టారు. విదేశాల్లో పనుల గురించి చెప్పడానికి ఆ వకీలునే పిలిచారు. జరిగిందంతా పాస్టరమ్మగారికి అప్పటికే చెప్పాను. "దేవుడు చూసుకుంటాడమ్మా" అన్నారు తప్ప పిలవడం మానలేదు.

అతను మైకు ముందు నిలబడి, పరాయి దేశంలో ఏ కాగితమైనా పూర్తిగా అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టాలని పిల్లలకి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను రెండో బెంచీలో కూర్చుని అంతా విన్నాను.

బయట అతనే ఎదురొచ్చాడు. "బాగున్నారా అక్కగారూ?"

"ఆయ్, బాగున్నానండి" అన్నాను.

అతని మీద కోపం కొన్నాళ్లకి చల్లారుతుందేమో గాని, ఆ జవాబిచ్చినందుకు నామీద నాకున్న కోపం మాత్రం చల్లారేలా లేదు.