మామగారికి కప్పిన శాలువ

ఇక్కడ తమిళ సీమలో, అన్నూరు రోడ్డులో ఉన్న ఒక నూలు మిల్లులో సేఫ్టీ చూసుకునే ఉద్యోగం నాది. మా మామగారు అక్కడే ఫిట్టరు. నాకంటే చాలా ముందు నుంచీ ఉన్నారు. దూది ఏకే కార్డింగ్ యంత్రంలో ఏదైనా ఇరుక్కుంటే యంత్రాన్ని ఆపకుండానే పక్క మూత తీసి, లోపల చెయ్యి పెట్టి లాగేస్తారు. ఆపితే మళ్లీ నూలు సరిగ్గా రావడానికి ఆలస్యమవుతుందట. కొత్తగా చేరినవాళ్లు ఆయన్ను చూసే పని నేర్చుకుంటారు. ఎప్పుడో ఒకరోజు ఆ చెయ్యి బయటికి రాదని నా భయం.

అంత భయమున్నదానివి నువ్వే చెప్పొచ్చు కదా అంటారేమో. మా ఇళ్లల్లో కోడలు మామగారి తప్పు నలుగురిలో ఎత్తిచూపదు. మిల్లులో సగంమంది మాకు చుట్టాలే. అందుకే బయటినుంచి ఎవరినైనా పిలిపించి చెప్పిద్దామనుకున్నాను. మనిషి అలవాటును మార్చే శిక్షణ, బిహేవియర్ సేఫ్టీ ట్రైనింగ్ అంటారు దాన్ని. ఇచ్చేవాళ్లు ఊరంతా ఉన్నారు. మాకు పనికొచ్చేవాళ్లను వెతకడంలో నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఒకాయన ఇంగ్లీషులో స్లైడ్లు పంపాడు. అన్నిటిలోనూ సముద్రం మధ్య చమురు తవ్వే మనుషులే. మావాళ్లు తలలో పూలు పెట్టుకుని దూది ధూళిలో పనిచేసే ఆడవాళ్లండీ అంటే, బిహేవియర్ ఎక్కడైనా ఒకటే మేడం అన్నాడు. ఇంకొకరు హిందీ వీడియో ఉందన్నారు. మూడో చోట ఫోనెత్తిన అమ్మాయి మరీ మర్యాదగా, ఎవరూ రానక్కర్లేదు, అందరినీ నిలబెట్టి ఒక ఫోటో తీసి పంపితే సర్టిఫికెట్లు వచ్చేస్తాయంది. నాకు ఒళ్లు మండిపోయింది. నేనడిగింది కాగితాలు కాదు.

చివరికి దిండిగల్ నుంచి ఒకావిడ దొరికింది. మిల్లులో పనిచేసి వచ్చిన మనిషి. తమిళం చక్కగా మాట్లాడుతుంది, మా తెలుగూ మాట్లాడుతుంది. సంగతంతా విని, మూత ఎవరు తీస్తున్నారని మొదటే అడిగింది. మా మామగారేనన్నాను.

"మరి నువ్వే సెప్పొచ్చు కదమ్మా?"

"అది సెప్పేదానికే అక్కా మిమ్మల్ని పిలిసేది," అన్నాను.

ఆవిడ నవ్వి, సరే వస్తానంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

శిక్షణ రోజు పొద్దున హాల్లోకి వెళ్లేసరికి దీపస్తంభం వెలుగుతోంది, మైకు పెట్టారు. మా మేనేజరు దాన్ని ఫంక్షన్ చేసేశాడు. బయటివాళ్లు వచ్చినప్పుడు మన పెద్దవాళ్లకు మర్యాద చేయకపోతే ఎలా అని, అందరికంటే సీనియర్ అయిన మా మామగారిని వేదిక మీదికి పిలిచి శాలువ కప్పాడు. ఇంతకాలం ఒక్క దెబ్బ తగలకుండా పనిచేసిన మనిషి అని మైకులో పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకేం చేస్తాను?

ఎవరు తప్పు చేస్తున్నా పక్కవాళ్లు ఆపాలి, శిక్షణ అంతా అదే అని దిండిగల్ ఆవిడ చెప్పింది. ముందు వరుసలో ఉన్న అమ్మాయిని లేపి, ఈ అయ్య తిరిగే యంత్రంలో చెయ్యి పెడితే నువ్వేమంటావని అడిగింది. ఆ అమ్మాయి మా మామగారి తమ్ముడి మనవరాలు.

"అదెట్లా మేడం, తాతకు నేనేం సెప్పేది," అంది సిగ్గుపడుతూ.

హాలంతా నవ్వింది. శాలువలో మా మామగారూ నవ్వారు. ఆవిడ నావైపు చూసింది. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం బస్సెక్కేముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఇది నావల్ల అయ్యేది కాదమ్మా అంది. అంత వెతికింది ఈ మాట వినడానికా అనిపించింది.

మర్నాడే ఆయన మళ్లీ మూత తీసి చెయ్యి పెట్టబోయారు. నేను ఎదురుగానే ఉన్నాను. నా చెయ్యి వెళ్లి ఎర్ర బటన్ నొక్కేసింది. యంత్రం ఆగిపోయింది. వరుసంతా ఇటు తిరిగింది.

"ఏమమ్మణీ, నాకే వేల నేర్పిస్తావా?" అన్నారు, మెల్లగానే. ఇక్కడ పనిని వేల అంటాం.

"వేల మీకు తెలుసు మామా. చెయ్యి మాత్రం వద్దు," అన్నాను.

ఆయన ఆగిన యంత్రంలోంచి దూది తీసి, మూత బిగించి వెళ్లిపోయారు. అప్పటినుంచి యంత్రం ఆపకుండా మూత తీయడం లేదు. ఆయన్ను చూసి మిగతావాళ్లూ మానేశారు. మేనేజరు మాత్రం శిక్షణ బాగా పనిచేసిందని అందరికీ చెప్పుకుంటున్నాడు.

ఇంట్లో ఆయన నాతో మాట్లాడడం లేదు. నీళ్లు కావాలన్నా అత్తమ్మనే అడుగుతారు. రోజూ నేనే వడ్డిస్తాను. ఆయన తలెత్తకుండా, ఆ చేత్తోనే అన్నం కలుపుకుని తింటారు.