కిరాణి గేటు ముందు మా చక్రాల ఇల్లు

చక్రాల ఇంట్లో ఎలా ఉండాలో ఈ మధ్య మా తమ్ముడి మనవడు నాకు పాఠం చెప్పాడు. సెలవుల్లో ఏదో దేశం వెళ్ళి అలాంటి ఇల్లొకటి అద్దెకు తీసుకున్నాడట. ముందుభాగం లారీ వీపు మీద ఆనుకుంటుంది, వెనకభాగం సొంత చక్రాల మీద నడుస్తుంది. లోపల మంచం, పొయ్యి, అన్నీ ఉంటాయి. ఫొటోలు చూపిస్తూ, "నీకు తెల్దులా మామ్మా, బరువులు ఎక్కడ పెట్టాలో దానికో లెక్కుంది" అన్నాడు.

నాకు తెలీదట! అలాంటి దాంట్లో పదేళ్ళు కాపురం చేసినదాన్ని నేను. పక్కనే కూర్చున్న నా తమ్ముడికి ఆ సంగతి బాగా తెలుసు. "ఆ బండి గొడవ ఇప్పుడెందుకులే అక్కా" అని టీ గ్లాసులోకి చూశాడు. వీడే తన పెళ్ళిమాటలప్పుడు మా అక్క ఇపో పట్నంలో ఉంటుందని పెళ్ళికూతురి వైపువాళ్ళతో చెప్పాడు. బండిలో ఉంటుందని చెప్పడానికి నోరు రాలేదు. వాడు మరిచిపోయి ఉండవచ్చు. నేను మరవలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా భర్త రోడ్డు రోలర్లు బాగుచేసే మెకానిక్. రోడ్డు పని ఎక్కడ సాగితే ఆయన అక్కడ ఉండాలి. కొత్తగా పెళ్ళయిన మాకు క్వార్టర్సు అడిగితే, పైన ఉన్న ఓవర్సీరు యుద్ధం అయ్యాక సైన్యం వదిలేసిన ఒక పాత ట్రైలరును చూపించి, "ఇల్లు కావాలన్నావుగా, ఇదే ఇల్లు, పైగా ఎక్కడికైనా వస్తుంది" అని నవ్వాడు. పక్కనున్న గుమాస్తాలు కూడా నవ్వారు. రేకు గోడలు, రెండు కిటికీలు. సగం చోటులో జాకీలు, గొలుసులు, గ్రీజు డబ్బాలు. మిగిలిన సగంలో మా ఆయన, నేను, మా అత్త.

బరువుల లెక్క కావాలా? మా అత్త దగ్గర నేర్చుకోవాలి. తాతలు కూలికి వచ్చిన రబ్బరు తోటలో పుట్టి పెరిగి, తోటలోనే ముసలిదైన మనిషి. తన రుబ్బురోలు లేకుండా బండి ఎక్కనంది. గాలి వస్తుందని దాన్ని వెనక తలుపు దగ్గర పెట్టించింది. మొదటి పల్లం దిగేటప్పుడు బండి తోక అటూ ఇటూ కొట్టుకుని ముందున్న లారీనే ఊపేసింది. మా ఆయన చెమటలు కక్కుతూ ఆపి, "అమ్మా, నీ రోలు మనల్ని లోయలో పడేస్తాది" అన్నాడు.

"రోలు ఏటి సేసింది? నీ పెళ్ళాం పెట్టెలు బరువు" అంది ఆమె.

నా పెట్టెలో ఉన్నవి నాలుగు చీరలు. ఆ రోలు చివరికి ముందువైపు నేల మీదకు మారింది, గొలుసుతో కట్టేశాం. బరువైనవి కిందన, వెనక చక్రాలకు ముందుగా ఉండాలి. పైన అటకల మీద గుడ్డలు తప్ప ఏమీ పెట్టకూడదు. నీళ్ళ పీపా నిండుగానైనా ఉండాలి, ఖాళీగానైనా ఉండాలి. సగం పీపా మలుపు తిరిగేటప్పుడు లోపల మనిషి దొర్లినట్టు దొర్లుతుంది. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు. తగిలిన ప్రతి దెబ్బా చెప్పింది.

ఆగిన చోట మొదట చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు వెయ్యాలి. తరవాత ట్రైలరు ముందువైపున్న ఇనపకాళ్ళు దించాలి, వాటి కింద పలకలు వెయ్యాలి. ఆ తరవాతే లారీని విడదియ్యాలి. ఒకసారి వానలో తొందరపడి పలకలు మానేశాం. తెల్లారేసరికి ఒక కాలు బురదలో మూరెడు దిగి, చింతపులుసు కుండ పొయ్యి మీంచి జారి మా అత్త పక్క మీద బోర్లాపడింది. ఆ రోజంతా నేను తిట్లు తిన్నాను, పలకలు మరిచినాయన రోలరు కింద దూరి దాక్కున్నాడు. ఇల్లు సమంగా ఉందో లేదో తెలియాలంటే పెనంలో చెంచాడు నూనె పోసి చూడాలి. నూనె ఏ పక్కకు చేరితే ఆ పక్క పలక ఎత్తాలి. మళ్ళీ లారీ తగిలించేటప్పుడు కొక్కెం టక్కున పడిందని నమ్మవద్దు. దిమ్మలు అలాగే ఉంచి, లారీని ఒక్క పిసరు ముందుకు లాగి చూడాలి. కొక్కెం ఊడి రాకపోతేనే కాళ్ళు ఎత్తాలి.

ఈ మాత్రం జాగ్రత్తలు ఎవరైనా నేర్చుకుంటారు. మా కాలంలో దీనికి మించిన తిప్పలు ఉండేవి. అది తెల్లదొరలు ఈ దేశంలో పెట్టిన ఎమర్జెన్సీ. దొరల మీద తిరగబడి అడవిలో దాగిన వాళ్ళకు అన్నం అందుతుందని రోడ్ల మీద బియ్యం తీసుకెళ్ళనివ్వరు. ఇల్లు ఆగి ఉన్నంతసేపు మా డబ్బాలో బియ్యం ఇంటి బియ్యం. ఇల్లు కదిలిందా, అదే బియ్యం నేరం. హుటాన్ మెలింటాంగ్ దారిలో ఒక సిపాయి మమ్మల్ని ఆపి, డబ్బా దింపించి, బియ్యమంతా రోడ్డు పక్క మట్టిలో పోయించాడు.

మా అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏటి బాబూ, ఇల్లు కదలకపోతే నా బియ్యం, కదిలితే దొంగల బియ్యమా?" అంది.

"రూల్ లా పాటీ" అన్నాడు వాడు. పాటీ అంటే అవ్వ. మా వైపు చూడనైనా చూడలేదు.

అప్పటినుంచి బియ్యం పూర్తిగా అయిపోయాకే ఇల్లు కదిపేవాళ్ళం. కదిలే ముందు రెండు రోజులు కర్రపెండలమే తిండి. ఇది కూడా రాసుకోమను మనవణ్ణి.

కాని నా అసలు కోపం బియ్యం గురించి కాదు, కార్డు గురించి. ఎమర్జెన్సీ మొదలైన కొత్తల్లో అందరికీ గుర్తింపు కార్డులు రాశారు. మా ఇల్లు అప్పుడు ఒక పోలీసు ఠాణా ముందు ఆగి ఉంది. బల్ల వేసుకుని కూర్చున్న ఉద్యోగి మా ఆయన్ని, నీది ఏ ఊరని అడిగాడు. మనవాళ్ళను ఆ మాట అడిగితే ఏం చెప్తారు? ఉన్న ఊరు చెప్పరు, పుట్టిన తోట చెప్పరు. తాత ఓడెక్కి వచ్చిన ఊరు చెప్తారు. పెళ్ళిసంబంధాలవాళ్ళకు, గుళ్ళో పూజారికి, ఎవరికైనా అదే. ఈయన కూడా ఛాతీ విరిచి, శ్రీకాకుళం పక్కన ఫలానా అని చెప్పాడు. తన కన్నుతో ఎప్పుడూ చూడని పల్లె. ఆ ఉద్యోగి దాన్నే పుట్టిన చోటు కింద రాసేసుకున్నాడు.

నేను లోపల నేల తుడుస్తూ విన్నాను. కొత్త కోడల్ని కాబట్టి మగవాళ్ళ మధ్య నోరెత్తలేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది ఆ ఒక్కదానికే. నా వంతు వచ్చినప్పుడు మాత్రం పుట్టిన తోట పేరే చెప్పాను. సాయంత్రం ఆయనను అడిగితే, "అదేటే, మనూరు అదే కదా" అన్నాడు.

మెర్డెకా వచ్చింది, అంటే స్వాతంత్ర్యం. రోడ్ల పక్కన కొత్త జెండాలు. అందరూ పౌరసత్వం కాగితాల కోసం బారులు తీరారు. ఆఫీసు కిటికీ వెనకాయన మా ఆయన కార్డు తిప్పి చూసి, "నువ్వు ఇండియాలో పుట్టావు. ఓడ కాగితం ఏది?" అన్నాడు. ఈయన జన్మలో ఎక్కింది హుటాన్ మెలింటాంగ్ దగ్గర చేపల పడవ ఒక్కటే. పుట్టింది ఇక్కడేనని బయటి మనిషి సాక్ష్యం తెమ్మన్నారు. కాగితం లేనివాడికి సర్కారు పని ఉంటుందో ఊడుతుందో తెలియదన్నారు. మిగతావాళ్ళకు పని పోతే పనే పోతుంది. మాకు పనితోపాటు ఇల్లు కూడా పోతుంది.

పుట్టుకలు రాసిన తోట పుస్తకాలు జపానువాళ్ళు ఏలిన కాలంలో కాలిపోయాయి. ఆ పుస్తకాలు రాసిన కిరాణి మాత్రం బతికే ఉన్నాడు. కిరాణి అంటే తోట గుమాస్తా. ఆయనా తెలుగువాడే. ఇపోలో పక్కా ఇల్లు, కారు, గుడి సంఘంలో పెద్దరికం. మూడు ఉత్తరాలు రాయించాం, జవాబు లేదు. మా ఆయన పని మానుకుని బస్సులో వెళ్ళాడు. కిరాణి గేటు అవతల నిలబెట్టి, గుర్తు లేదని పంపేశాడట. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఈయన ఆ సంగతి చెప్తూ, "పెద్ద మనిషి, ఏటో పనిలో ఉన్నాడు" అని ఆయన్నే వెనకేసుకొచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తరవాతి నెలలో మా లారీ క్లచ్చి పాడైంది. ఇపోలో వర్కుషాపుకి తీసుకురమ్మన్నారు. ట్రైలరును దారిలో ఎక్కడైనా అనువైన చోట విడిచి రమ్మన్నారు.

"అనువైన సోటు నాకు తెలుసు" అన్నాను.

ఆదివారం పొద్దున్న ఆ వీధిలోకి తిరిగాం. సందు మలుపులో లారీ వెళ్ళిన దారిన ట్రైలరు వెళ్ళదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. అందుకని నేను దిగి ముందు నడుస్తూ చెయ్యి ఊపాను. సరిగ్గా కిరాణి గేటుకు అడ్డంగా ఆపించాను. దిమ్మలు, కాళ్ళు, పలకలు, అన్నీ పద్ధతిగా. మా ఆయన గేటు వంక చూశాడు. "పద్ధతి కాదే" అన్నాడు. "గేటు అవతల నిలబెట్టడం పద్ధతా?" అన్నాను. ఆయన లారీ విడదీసుకుని వర్కుషాపుకి వెళ్ళిపోయాడు.

కొత్త చోట దిగితే పాలు పొంగించాలి. మా అత్త మెట్టు మీద కిరసనాయిలు పొయ్యి పెట్టి, టిన్ను పాలలో నీళ్ళు కలిపి గిన్నె ఎక్కించింది. అప్పటికే చుట్టుపక్కలవాళ్ళు గోడల మీంచి చూస్తున్నారు. తెల్ల కోటు వేసుకుని కిరాణి బయటికొచ్చాడు. గుళ్ళో మెర్డెకా సభ, ఆయనే అధ్యక్షుడు. కారు గేటు లోపల ఉండిపోయింది.

"ఏమిటిది? ఎవరిదీ బండి? తియ్యండి, తియ్యండి!"

"బండి కాదు బాబూ, ఇల్లు" అంది మా అత్త. "పాలు పొంగుతున్నాయి, ఓ గుక్క తాగి ఎల్దురు."

"మతి పోయిందా మీకు? పోలీసుల్ని పిలుస్తాను."

"పిలండి" అన్నాను నేను. "ముందు మా ఆయన కార్డే అడుగుతారు. ఆయన ఏ తోటలో పుట్టినాడో మీరే సెప్పండి వాళ్ళకి."

అప్పుడు గుర్తుపట్టాడు మమ్మల్ని. మొహం ముడుచుకుంది. "గుర్తు లేదని చెప్పాను కదా. ఎన్ని వందల మంది పుట్టారో ఆ తోటలో! ఊరూ ఇల్లూ లేక బండిలో తిరిగేవాళ్ళకు సంతకం పెడితే నా మాటకు విలువేం ఉంటుంది?"

 మా అత్త గరిటె పట్టుకునే లేచింది.

"గుర్తు లేదా? నా కొడుకు పుట్టిన పొద్దు నేను పేర్లు పిలిసే కాడికి రానేదని ఆబ్సెంటు రాసినావు. మా కూలీల లైను గదికొచ్చి గుమ్మంలో నిలబడి, దొంగ నొప్పులా అన్నావు. అప్పుడే ఈడు లోపల ఏడ్సినాడు. పుస్తకం తీసినావు. పేరేటి అన్నావు. నేను నోరు తెరిసే లోపల నీకు తోసిన పేరు రాసీసినావు. మేము వేరే పేరు అనుకున్నాం బాబూ. తోట పుస్తకంలో పడిపోయిందని అదే ఉంచినాం. నువ్వెట్టిన పేరే ఇప్పటికీ మోస్తన్నాడు నా కొడుకు."

 పక్కింటి గోడ మీంచి ఒక పెద్దాయన, "అన్నా, పేరు నువ్వే పెట్టినావంట, సంతకం కూడా పెట్టెయ్ లా" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఈసారి నవ్వు మా మీద కాదు.

కిరాణి కారు బానెట్టు మీద కాగితం పెట్టుకుని రాశాడు. తను గుమాస్తాగా ఉండగా ఫలానా తోటలో ఫలానావాడు పుట్టాడని, స్వయంగా నమోదు చేశానని. ఒక్క అక్షరం తడుముకోలేదు. గుర్తులేనివాడు అలా రాయగలడా?

"ఇక తియ్యండి" అన్నాడు.

"ఎలా తీస్తాం? లారీ వర్కుషాపులో ఉంది" అన్నాను. "రెండు రోజులు పడతాదంట."

గోడకు, ట్రైలరుకు మధ్య సందులోంచి దూరి బయటపడ్డాడు. లారీ మీద ఆనే చోట మేము దట్టంగా గ్రీజు పూస్తాం. అది పూయకపోతే ఇనుము అరిగిపోతుంది. ఆ గ్రీజంతా తెల్లకోటు భుజానికి అంటుకుంది. చెప్పవచ్చు, కానీ నేను చెప్పలేదు. సైకిలు రిక్షా ఎక్కి అలాగే సభకు వెళ్ళాడు.

ఆ రెండు రోజుల్లో ఆయన భార్య ఒకసారి పళ్ళెంలో బూరెలు పట్టుకొచ్చింది. ఆవిడ మంచిదే అయి ఉండవచ్చు. మా ఆయన గేటు అవతల ఎండలో నిలబడినప్పుడు ఆ మంచితనం ఎక్కడుందో నాకు తెలియదు. పళ్ళెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, అరటిపండైనా పెట్టాలి అని మా అత్త గోల పెట్టింది. శుభ్రంగా తోమి, ఖాళీగానే ఇచ్చాను.

ఆ రెండు రోజుల్లోనే పెట్టిన పౌరసత్వం దరఖాస్తులో చిరునామా రాయాలన్నారు. ఆ రోజు మా ఇల్లు ఎక్కడ ఉందో అదే రాయించాను. అబద్ధం కాదు. కొన్ని నెలలకు మా ఆయన ఆఫీసుకు కిరాణి దగ్గరనుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. మీ ఆయన పౌరసత్వం కాగితం మా ఇంటికి వచ్చింది, వచ్చి తీసుకుపొండి, ఇకమీదట ఇది మీ ఇల్లు కాదని గుర్తుంచుకోండి అని.

ఈసారి బస్సులో వెళ్ళాం. మా ఆయన అలవాటు కొద్దీ గేటు దగ్గర ఆగిపోయాడు. నేను గొళ్ళెం తీసి లోపలికి నడిచి, వరండాలో కిరాణి కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. కాగితం చేతికి వచ్చేదాకా లేవలేదు. వచ్చాక కూడా, మంచినీళ్ళు అడిగి, తెచ్చేదాకా కూర్చున్నాను.